ప్లేటు మీద లేని పేర్లు

పాత గ్రామఫోను ప్లేట్లు పోగుచేసేవాళ్ళ పట్ల మన అభ్యుదయ రచయితలకు మంచి అభిప్రాయం లేదు. కడుపు నిండినవాడి కాలక్షేపమనీ, తపాలాబిళ్ళలు పోగుచేయడం లాంటిదేననీ తేల్చేస్తారు. అందులోనూ జాజ్ ప్లేట్లంటే తీర్పు మరింత కటువుగా ఉంటుంది. అమెరికా సంగీతం, హోటళ్ళ సంగీతం, నృత్యశాలల సంగీతం. దాని పాత ప్లేట్లకు వేలు పోసే ఆసామితో మనకేమిటి పని అని అడుగుతారు. ప్రశ్న సబబైనదే. జవాబు మాత్రం వాళ్ళనుకున్నంత తేలిక కాదు.

జాజ్‌ను నిరసించడంలో మనవాళ్ళు ఒంటరివాళ్ళేమీ కారు. జర్మన్ తత్వవేత్త అడోర్నో 1936లో హెక్టర్ రాట్‌వైలర్ అనే మారుపేరుతో రాసిన వ్యాసంలో దాన్ని అచ్చమైన అంగడి సరుకుగా నిర్ణయించాడు. 1959లో మరో మార్క్సిస్టు, చరిత్రకారుడు ఎరిక్ హాబ్స్‌బామ్, తానూ మారుపేరుతోనే 'ది జాజ్ సీన్' అనే పుస్తకం ప్రచురించాడు. ఫ్రాన్సిస్ న్యూటన్ అన్న ఆ పేరును ఆయన ఫ్రాంకీ న్యూటన్ అనే నల్లజాతి ట్రంపెట్ వాద్యగాని నుంచి తీసుకున్నాడు. మొదటివాడు సరుకును చూశాడు. రెండోవాడు ఆ సరుకు తయారుచేసే మనిషినీ, అతని కూలినీ, అతను వాయించే గదినీ, ఆ గదికి వచ్చే జనాన్నీ చూశాడు. నా మొగ్గు రెండోవాని వైపే. అయితే ప్లేట్ల సేకరణ దగ్గరికి వచ్చేసరికి మొదటివాని అనుమానాన్ని కూడా వెంట ఉంచుకోక తప్పదు.

పాత జాజ్ చుట్టూ రెండు రకాల రచన పెరిగింది. ఒకటి సేకర్తల రచన: ఏ ప్లేటు, ఏ కంపెనీ, ఏ నెంబరు, ఏ తేదీ. రెండోది క్లబ్బుల జ్ఞాపకం: ఆ రాత్రి, ఆ పొగ, ఆ మూల బల్ల, ఫలానావాడు వాయిస్తుంటే నేనక్కడ ఉన్నాను. మొదటిదానిలో మనుషులు కనిపించరు. రెండోదానిలో మనుషులుంటారు గాని వాళ్ళ జీతాలూ, వాళ్ళకు మూసిన తలుపులూ కనిపించవు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితేనే అసలు కథ బయటపడుతుందని నా వాదన.

ముందు ప్లేటు సంగతి. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ పాత ప్లేటును గట్టిపరిచే పదార్థం లక్క. చార్మినారు పక్కన లాడ్ బజారులో గాజులయ్యే లక్కే అది. ఛోటా నాగపూర్ అడవుల్లో ఆదివాసులు కొమ్మల మీంచి గీకి పోగుచేసిన లక్క కలకత్తా రేవులో ఓడెక్కి అమెరికా చేరి, అక్కడ నల్లవాని పాటకు శరీరమైంది. న్యూయార్కులో 1920 ఆగస్టులో మేమీ స్మిత్ అనే నల్లజాతి గాయని ఓకే కంపెనీకి 'క్రేజీ బ్లూస్' పాడింది. ఆ ప్లేటు విపరీతంగా అమ్ముడుపోయేసరికి నల్లవాళ్ళ దగ్గర కూడా డబ్బుందని కంపెనీలకు తెలిసింది. వాళ్ళకోసం విడిగా జాబితాలు తెరిచి 'రేస్ రికార్డులు' అని పేరు పెట్టారు. పారమౌంట్ అనే ప్రసిద్ధ ముద్ర అసలు ఒక కుర్చీల కంపెనీది. సంగీతం మీద ప్రేమతో తెరిచిన దుకాణాలు కావివి.

1942లో యుద్ధం వల్ల లక్క రవాణా దెబ్బతిన్నది. ప్లేట్లకు వాడే లక్కను డెబ్బై శాతం తగ్గించాలని అమెరికా ప్రభుత్వం ఉత్తరువిచ్చింది. పాత ప్లేట్లను జనం దగ్గర సేకరించి, పిండికొట్టి, కొత్తవాటిలో కలిపారు. ఈనాడు వేలం పాటల్లో అరుదైనవిగా పలికే ప్లేట్లు అరుదు కావడానికి ఇదొక కారణం. మిగిలినవి దక్షిణాది రాష్ట్రాల నల్లపేటల్లో, ఇళ్ళ అరుగుల కింద, పాత పెట్టెల్లో పడివుండేవి. యుద్ధం తర్వాత తెల్ల యువకులు కొందరు ఇల్లిల్లూ తలుపు తట్టి, పది సెంట్లకూ పావు డాలరుకూ వాటిని కొనుక్కుపోయారు. 2013లో జాజ్‌కు తోబుట్టువైన బ్లూస్ ప్లేటొకటి, టామీ జాన్సన్ పాడినది, 37,100 డాలర్లకు అమ్ముడైంది. ఆ గాయకుడు 1956లో పేదగానే చనిపోయాడు. గుడిసెలో పావు డాలరుకూ వేలంలో వేలకూ మధ్య ఉన్న తేడా పాటలో పుట్టలేదు. పాట మారలేదు కదా.

ఇంతవరకు మన విమర్శకులతో నాకు పేచీ లేదు. ఇక్కడినుంచే పేచీ.

ఆ కంపెనీలు ప్లేటు మీద గాయకుని పేరో బృందం పేరో వేసి ఊరుకునేవి. క్లారినెట్ ఎవరిది, డ్రమ్ముల మీద ఎవరు, ఆ తేదీ ఏది అన్నది కొన్నవాడికి అనవసరమని వాళ్ళ లెక్క. 1936లో పారిసులో చార్లెస్ దెలొనే అనే యువకుడు 'హాట్ డిస్కోగ్రఫీ' అనే పుస్తకం వేశాడు. ప్లేటు ప్లేటుకూ వాయించినవాళ్ళ పేర్లు రాబట్టి కూర్చిన జాబితా అది. న్యూయార్కులో కమడోర్ అనే ప్లేట్ల దుకాణం నడిపిన మిల్ట్ గాబ్లర్ 1930ల మధ్యలో, కంపెనీలు వదిలేసిన పాత జాజ్ ప్లేట్లను తిరిగి ముద్రింపించినప్పుడు ఆ పేర్లన్నీ ప్లేటు మీదే అచ్చువేయించాడు. ఈ పనిని చిన్నది చేసి మాట్లాడడం నాకు నచ్చదు. శ్రమచేసినవాడి పేరు సరుకు మీద ఉండాలన్నది మన కోరికే కదా! మన పద్యనాటకాల ప్లేట్లనే తీసుకోండి. రాగం తీసినవారి పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. హార్మనీ వాయించినవాని పేరు చాలావాటిమీద భూతద్దం పెట్టి వెదికినా దొరకదు. ఆ పేర్లకోసం ఒక జీవితం వెచ్చించే పిచ్చివాడు మనకూ ఉంటే బాగుండును.

అదే కమడోర్ దుకాణం మరో పని కూడా చేసింది. ఏబెల్ మీరోపోల్ అనే న్యూయార్కు హైస్కూలు ఉపాధ్యాయుడు నల్లవారిని చెట్లకు ఉరితీయడం మీద ఒక కవిత రాశాడు. అది మొదట 1937లో ఉపాధ్యాయ సంఘం వారి పత్రికలో అచ్చయింది. (ఉపాధ్యాయ సంఘాల పత్రికల్లో డి.ఎ. బకాయిల లెక్కలు తప్ప ఏమీ ఉండవనే మిత్రులు దయచేసి గమనించాలి.) ఆయనే దానికి బాణీ కట్టాడు. బిల్లీ హాలిడే దాన్ని కెఫే సొసైటీ అనే క్లబ్బులో పాడింది. ఆమె పాటలు వేసే కొలంబియా కంపెనీ ఆ పాటను ప్లేటుగా వేయడానికి నిరాకరించింది. 1939 ఏప్రిల్‌లో 'స్ట్రేంజ్ ఫ్రూట్' ప్లేటును వేసింది గాబ్లరే. వెనక వాయించింది ఫ్రాంకీ న్యూటన్ బృందం. బడా కంపెనీ భయపడిన చోట పాత ప్లేట్ల పిచ్చివాళ్ళ దుకాణం నిలబడిందన్నమాట. తర్వాత కొద్దికాలానికి న్యూయార్కు బడుల్లో కమ్యూనిస్టులను ఏరే విచారణ సంఘం మీరోపోల్‌ను పిలిచి, ఈ పాట రాసినందుకు పార్టీ నీకు డబ్బిచ్చిందా అని అడిగింది. రోజెన్‌బర్గ్ దంపతులకు 1953లో మరణశిక్ష అమలుచేశాక వారి ఇద్దరు పిల్లలను తెచ్చి పెంచుకున్నది ఈ మీరోపోల్ దంపతులే.

ఇప్పుడు క్లబ్బుల జ్ఞాపకాల సంగతి చూద్దాం. హార్లెంలో 1920లనాటి కాటన్ క్లబ్బు గురించి ఎన్నో తీపి జ్ఞాపకాలు అచ్చయ్యాయి. 1927 నుంచి డ్యూక్ ఎలింగ్టన్ బృందం అక్కడ వాయించిన మాట నిజం, ఆ సంగీతం గొప్పదన్న మాటా నిజం. వేదిక మీద అందరూ నల్లవారే, బల్లల దగ్గర అందరూ తెల్లవారే. క్లబ్బు యజమాని సారా ముఠా నాయకుడు. నల్లపేట నడిబొడ్డున ఉన్న ఆ క్లబ్బులో ఆ పేటవాడికి చోటు లేదు. కాబట్టి ఆ క్లబ్బును అభిమానంతో తలచుకునే ప్రతి వ్యాసాన్నీ మనమొకటి అడగాలి: అయ్యా, తమరు ఏ తలుపునుంచి లోపలికి వెళ్ళారు? 1938 చివర బార్నీ జోసెఫ్‌సన్ తెరిచిన కెఫే సొసైటీ దీనికి పూర్తిగా విరుద్ధం. అక్కడ నల్లవారూ తెల్లవారూ వేదిక మీదా కలిసే ఉన్నారు, బల్లల దగ్గరా కలిసే కూర్చున్నారు. 1947లో ఆయన సోదరుణ్ణి, కమ్యూనిస్టు అన్న కారణంగా, అమెరికా పార్లమెంటు సంఘం విచారణకు పిలిచింది. పత్రికలు విరుచుకుపడ్డాయి. ఆ దశాబ్దం ముగిసేలోగా క్లబ్బు చేతులు మారింది. జాజ్ క్లబ్బులు అభిరుచులు మారడం వల్ల మూతపడ్డాయని జ్ఞాపకాల రచయితలు రాస్తుంటారు. కొన్ని అలా మూతపడి ఉండవచ్చు. ఇది మాత్రం అలా మూతపడలేదు.

క్లబ్బు జ్ఞాపకాన్ని సాహిత్యంగా మలచినవారిలో రాల్ఫ్ ఎలిసన్‌ను మించినవాణ్ణి నేను చదవలేదు. ఆయన 1959లో మింటన్స్ ప్లేహౌస్ మీద రాసిన వ్యాసం సాహిత్య విద్యార్థులు తప్పక చదవవలసినది. హార్లెంలో 118వ వీధిలోని ఒక హోటల్లో ఆ గదిని 1938లో హెన్రీ మింటన్ తెరిచాడు. మింటన్ పూర్వం శాక్సఫోన్ వాయించినవాడు. న్యూయార్కు వాద్యకారుల యూనియన్‌లో మొట్టమొదటి నల్లజాతి ప్రతినిధి. జీతంలేకుండా సరదా మేళం కట్టి వాయిస్తే సభ్యులకు యూనియన్ జరిమానా వేసేది. మింటన్ గదిలో ఆ బెడద లేదు. థెలోనియస్ మంక్, కెన్నీ క్లార్క్, చార్లీ క్రిస్టియన్ మొదలైనవారు 1940 తర్వాత అక్కడ రాత్రుళ్ళు వాయిస్తూ వాయిస్తూ జాజ్‌ను కొత్త దారి పట్టించారు. బీబాప్ అన్న పేరు దానికి తర్వాత వచ్చింది. ఎలిసన్ గొప్పతనమేమిటంటే, ఆనాడక్కడ కూర్చున్నవారికి తాము చరిత్రను వింటున్నామన్న స్పృహ లేదని ఒప్పుకోవడం. ఆ రాత్రుల చరిత్ర తునకలుగానే మిగిలిందన్న ఎరుకతో రాయడం. మామూలు జ్ఞాపకాల రచయిత ఈ పని చేయడు. అప్పుడే తనకంతా తెలిసినట్టు రాస్తాడు.

తునకలుగా ఎందుకు మిగిలింది? 1942 ఆగస్టు 1న అమెరికా వాద్యకారుల సమాఖ్య, పెట్రిల్లో నాయకత్వాన, రికార్డింగులు బంద్ చేసింది. రేడియోలూ జూక్‌బాక్సులూ ప్లేట్లు వేసుకుని మనిషిని పనిలోంచి తీసేస్తున్నాయి కనక, ప్రతి ప్లేటు మీద కొంత సొమ్ము పనిలేని వాద్యకారుల నిధికి ఇవ్వాలని వాళ్ళ కోరిక. డెక్కా కంపెనీ 1943లో లొంగింది. విక్టర్, కొలంబియా 1944 నవంబరుదాకా లొంగలేదు. చార్లీ పార్కర్, డిజీ గిలెస్పీ ఇద్దరూ కలిసి ఉన్న 1943నాటి ఎర్ల్ హైన్స్ బృందం ఒక్క ప్లేటైనా వేయకుండానే చెదిరిపోయింది. అంటే ఈ సంగీతం మారిన ఘడియలోనే సేకర్త అలమారలో ఖాళీ ఉంది. ఆ ఖాళీని చూసి సేకర్తలు యూనియన్‌ను తిట్టిపోశారు, ఇప్పటికీ తిడుతున్నారు. నాకా తిట్లు మింగుడుపడవు. ప్లేటు తన కూడు తీస్తుంటే పనివాడు పని ఆపక ఏంచేస్తాడు? ఆ గది తలుపు తెరిచినదీ యూనియన్ మనిషే, ప్లేట్లకు తలుపు మూసినదీ యూనియనే. ఈ వైరుధ్యాన్ని విడదీసి ఒక కొస మాత్రమే పట్టుకోవడం విమర్శ కాదు.

మింటన్స్ రాత్రుల నుంచి కొంతైనా మిగిలిందంటే జెర్రీ న్యూమన్ అనే కొలంబియా విశ్వవిద్యాలయ విద్యార్థి పుణ్యం. 1941లో చేతిమోపు రికార్డింగు యంత్రం పట్టుకెళ్ళి క్రిస్టియన్ గిటారును ఎక్కించాడు. మరుసటి ఏడే క్రిస్టియన్ క్షయతో పోయాడు. ఆ వాదనల్లో ఒకదానికి తర్వాతివాళ్ళు 'స్వింగ్ టు బాప్' అని పేరుపెట్టి అమ్మారు. వాయించినప్పుడు దానికా పేరు లేదు. అది అప్పటికే అందరికీ తెలిసిన 'టాప్సీ' అనే పాట. జరిగిన దానికి జరిగాక తగిలించిన పేరు ఇది. మన సాహిత్య యుగవిభజనల్లో ఇలాంటివెన్ని లేవు!

దీనికి తలకిందులైన ఉదాహరణ ఒకటుంది. న్యూయార్కులో 1940 నుంచి 1967 దాకా, మద్యం అమ్మే క్లబ్బులో వాయించాలంటే పోలీసులిచ్చే కార్డు ఉండాలి. మాదకద్రవ్యాల కేసు పడితే కార్డు పోయేది. 1947లో శిక్షపడిన హాలిడేకు మళ్ళీ కార్డు ఇవ్వలేదు. మంక్ కార్డు 1951లో పోయి 1957లో తిరిగొచ్చింది. ఆ ఆరేళ్ళూ ఆయన తన ఊరి క్లబ్బుల్లో కూర్చోవడానికి వీల్లేదు గాని, స్టూడియోలో ప్లేట్లు వేయవచ్చు, వేశాడు. ఆ ప్లేట్లు మాత్రమే విన్నవాడు మంక్ ఆ సంవత్సరాలు సుఖంగా వాయించుకుంటున్నాడనే అనుకుంటాడు. కార్డు తిరిగొచ్చాక 1957లో ఫైవ్ స్పాట్ క్లబ్బులో జాన్ కోల్‌ట్రేన్‌తో నెలలకొద్దీ వాయించాడు. అదే ఏడు నవంబరులో కార్నెగీ హాలులో వారిద్దరి వాదనను వాయిస్ ఆఫ్ అమెరికా కోసం ఎక్కించిన టేపు 2005లో ప్రభుత్వ గ్రంథాలయంలో దొరికింది. ఊళ్ళో పోలీసు కార్డు లాక్కున్న మనిషినే దేశప్రతిష్ఠ కోసం రేడియో యంత్రాంగం వాడుకోవాలనుకున్నదన్నమాట.

సరే, క్లబ్బులో విన్నదే ప్లేటులో ఉన్నదా అంటే అదీ లేదు. షికాగోలో లింకన్ గార్డెన్స్ అనే నృత్యశాలలో జనాన్ని ఊపేసిన కింగ్ ఆలివర్ బృందం 1923 ఏప్రిల్‌లో ఇండియానాలోని రిచ్‌మండ్ అనే చిన్న ఊరికి వెళ్ళి జెనెట్ కంపెనీకి ప్లేట్లు వేసింది. మైకులు లేవు, పెద్ద గరాటా ముందు నిలబడి వాయించాలి. పెద్ద డ్రమ్ము మోగితే సూది ఎగురుతుందని బేబీ డాడ్స్ చేత చెక్కముక్కల మీద వాయింపించారు. ఇరవైరెండేళ్ళయినా నిండని లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను, ఊపిరి బలం ఎక్కువని, దూరంగా నిలబెట్టారు. నృత్యశాలలో ఎంతసేపైనా సాగే పాట మూడు నిమిషాల్లో ముగిసింది. డబ్బిస్తే కూ క్లక్స్ క్లాన్ వాళ్ళ పాటలను కూడా ఆ కంపెనీయే అచ్చొత్తి ఇచ్చేది. ఈ 1923 ప్లేట్ల మీద అమెరికాలో హక్కులు 2024 జనవరి 1తో తీరిపోయాయి, ఇప్పుడవి అందరివీ. కాని ఆ డ్రమ్ము మోత ఎవరికీ లేదు.

సేకర్తల తప్పు ఎక్కడుందంటే, ప్లేటుకు చేసిన మేలు బతికున్న మనిషికి చేయలేకపోవడంలో. బంక్ జాన్సన్ కథ ఇందుకు సాక్ష్యం. 'జాజ్‌మెన్' అనే 1939నాటి పుస్తకం కోసం పాత న్యూ ఆర్లియన్స్ కబుర్లు వెదుకుతూ పోతే లూసియానాలో ఈ ముసలి ట్రంపెట్ కళాకారుడు పళ్ళూడిపోయి, కూలీనాలీ చేసుకుంటూ కనిపించాడు. చందాలు వేసుకుని పళ్ళు కట్టించారు, ట్రంపెట్ కొనిచ్చారు, 1942లో ప్లేటు వేయించారు. ఎంత మంచిపని! కాని ఆ ముసలాయన వాళ్ళ మ్యూజియంలో బొమ్మగా నిలబడడానికి ఒప్పుకోలేదు. రేడియోలో వచ్చే కొత్త పాటలు కూడా వాయిస్తానన్నాడు. 1947లో తనకిష్టమైనవాళ్ళను పెట్టుకుని, తనకిష్టమైనవి వాయించాడు. కొందరు అభిమానులకు అది నచ్చలేదు. గతాన్ని ప్రేమించేవాడు, ఆ గతంనుంచి నడిచొచ్చిన మనిషికి వర్తమానం ఉంటుందంటే ఎందుకు సహించడు? జానపద కళాకారులను వేదికల మీదికి తెచ్చిన మన పరిశోధకులు కూడా ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి.

ఎలిసన్ నవల 'ఇన్విజిబుల్ మ్యాన్' (1952) మొదట్లో, 1369 దీపాలు వెలిగించుకుని నేలమాళిగలో బతికే నల్లజాతి యువకుడు ఆర్మ్‌స్ట్రాంగ్ ప్లేటు వింటుంటాడు. అతనికొక కోరిక: అదే ప్లేటును ఐదు గ్రామఫోన్ల మీద ఒక్కసారిగా వినాలని. చెవితోనే కాక ఒళ్ళంతటితో వినాలని. సేకర్తకు కావలసింది ఇంకెవరి దగ్గరా లేని ఒక ప్లేటు. ఈ యువకుడికి కావలసింది ఒకే ప్లేటుకు ఐదు గొంతులు. అరుదుగా ఉండడంలో విలువ చూసే దృష్టికీ, విస్తరించడంలో విలువ చూసే దృష్టికీ ఉన్న తేడాను ఇంత సూటిగా పట్టిన మరో ఘట్టం నాకు తెలియదు.

ఈ చర్చలో మన దేశానికి సంబంధం లక్కతోనే ఆగిపోదు. 1935లో లియోన్ ఆబీ బృందం బొంబాయి తాజ్ హోటలుకు వచ్చింది. షికాగో నృత్యమండపాల్లో పేరుపొందిన పియానో కళాకారుడు టెడ్డీ వెదర్‌ఫర్డ్ షాంఘై మీదుగా బొంబాయికీ, అక్కణ్ణుంచి కలకత్తాకూ చేరి, అక్కడే ప్లేట్లు వేసి, 1945లో అక్కడే కలరాతో చనిపోయాడు. ఈ చరిత్రను నరేష్ ఫెర్నాండెజ్ 'తాజ్ మహల్ ఫాక్స్‌ట్రాట్' (2012)లో ఓపికగా వెలికితీశాడు. తాజ్ బాల్‌రూములో బల్ల దగ్గర కూర్చున్నవారెవరో వేరే చెప్పనక్కరలేదు. నాకు ఆసక్తి కలిగించేది ఆ బృందాల నుంచి విద్య నేర్చి, సినిమా స్టూడియోలకు పనికి వెళ్ళిన గోవా వాద్యకారులు. 1951లో వచ్చిన 'అల్బేలా' పాటల్లో సి. రామచంద్ర పేరు తెరమీద ఉంది; ట్రంపెట్ కళాకారుడు చిక్ చాకొలేట్ చేయి పాటలో ఉంది. ఆంథొనీ గొన్సాల్వెజ్ అన్న పేరు దేశమంతా పాడుకున్నది, 1977 సినిమాలో ఒక పాత్రకు శిష్యుడు ప్యారేలాల్ గురుభక్తితో ఆ పేరు పాటలోకి తేవడం వల్ల. ఆ పేరుగల వయొలిన్ గురువు నిజంగా ఉన్నాడని పాడుకున్నవారిలో ఎందరికి తెలుసు? గ్రెగరీ బూత్ అనే పరిశోధకుడు బొంబాయి సినిమా వాద్యకారులను కలిసి, మాట్లాడించి, 2008లో 'బిహైండ్ ద కర్టెన్' అనే పుస్తకం వేశాడు. గొన్సాల్వెజ్ 2012లో కన్నుమూశాడు.

మద్రాసు స్టూడియోల్లో మన తెలుగు పాటలకు వయొలిన్లూ శాక్సఫోన్లూ వాయించినవారిలో కొందరైనా ఇంకా బతికే ఉన్నారు. పాత పాటల ప్లేట్లు భద్రపరిచిన ఇళ్ళు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి. ఎం.ఎ. విద్యార్థులు ఏటేటా అవే ప్రబంధాల మీద అవే సిద్ధాంత వ్యాసాలు రాసేకంటే, ఒక ప్లేటు చేత్తో పట్టుకుని వెళ్ళి, ఇందులో వాయించింది ఎవరండీ అని ఆ పెద్దవాళ్ళను అడిగి రాసుకొస్తే, ఈ పత్రిక అచ్చువేయడానికి సిద్ధంగా ఉంటుందనే నా నమ్మకం.